మెట్రో వేగం, గీత వాలు

మంగళవారం, రాత్రి

అమీర్‌పేటలో మెట్రో కదలగానే నిలబడ్డవాళ్లంతా వెనక్కి తూలి రాడ్డు పట్టుకుంటారు. బండి మంచి వేగం అందుకున్నాక చేయి వదిలేసి ఫోన్‌లో పడిపోతారు. వేగం ఎక్కువున్నప్పుడే నిశ్చింత! తొమ్మిదో తరగతి పిల్లలు వేగం–కాలం గ్రాఫ్‌లో బోల్తా పడేదీ ఇక్కడే. గీత ఎంత పైనుంటే త్వరణం (వేగం మారే రేటు) అంత ఎక్కువని రాసేస్తారు. ఎత్తు చెప్పేది వేగాన్ని, వాలు చెప్పేది త్వరణాన్ని.

ఈరోజు ట్యూషన్ లెక్క కూడా మెట్రోదే. బండి 20 సెకన్లలో గంటకు 72 కిలోమీటర్ల వేగం అందుకుని, 30 సెకన్లు అలాగే పోయి, 25 సెకన్లలో ఆగిందనుకుందాం. ముందు 72ని 3.6తో భాగిస్తే సెకనుకు 20 మీటర్లు. అది మరిచి 72ని నేరుగా 20తో భాగిస్తే త్వరణం 3.6 వస్తుంది. మెట్రో నిజంగా అంత లాగితే జనం ఒకరిమీద ఒకరు పడతారు. అసలు జవాబు 1 మీ/సె². మధ్య భాగంలో గీత అడ్డంగా ఉంది కాబట్టి సున్నా. అలాగని బండి ఆగినట్టు కాదు.

చివరి భాగమే చిక్కు. 60వ సెకను దగ్గర వేగం 12. చాలామంది 12ని 60తో భాగించి 0.2 అంటారు. గీత మూలబిందువు (కాలం, వేగం రెండూ సున్నా అయిన చోటు) నుంచి మొదలైతేనే ఆ పద్ధతి చెల్లుతుంది. ఇక్కడ వేగంలో మార్పు 12 − 20, పట్టిన కాలం 60 − 50, త్వరణం −0.8. బిందువులు దూరదూరంగా తీసుకోవాలి, దగ్గరగా ఉంటే గ్రాఫ్ షీట్ మీద అర మిల్లీమీటరు పొరపాటుకే జవాబు చెడుతుంది. గీత కింది వైశాల్యమే బండి పోయిన దూరం: 200 + 600 + 250, అంటే 1050 మీటర్లు. రెండు స్టేషన్ల మధ్య దూరానికి నమ్మదగ్గ అంకే.

ఐడీ కార్డు ట్యాగును చేత్తో వేలాడదీస్తే ఇదంతా రైల్లోనే కనిపిస్తుంది. త్వరణం 1 ఉంటే కార్డు నిలువు నుంచి దాదాపు 6 డిగ్రీలు వెనక్కి వాలుతుంది, సమవేగంలో తిన్నగా, బ్రేకు వేస్తే ముందుకి.

మైనస్ గుర్తుంటే నెమ్మదిస్తున్నట్టే అనుకోవడం ఇంకో తప్పు. పై దిశను ప్లస్ అనుకుంటే, పైకి విసిరిన బంతికి గ్రాఫ్ ఒకే వాలు గీత, −9.8. శిఖరం దగ్గర అది కాలం అక్షాన్ని దాటుతుంది. వేగం సున్నా, వాలు మాత్రం అదే. కిందికి వస్తూ బంతి వడి పెరుగుతున్నా త్వరణం మైనస్సే.

రేపు వంపు గీతలు. స్పర్శరేఖ (వంపును ఒక బిందువు దగ్గర తాకుతూ పోయే తిన్నని గీత) గీయాలి కాబట్టి అందరూ పారదర్శకమైన స్కేలు తెచ్చుకోవాలి. చెక్క స్కేలు పెడితే సగం వంపు దాని కిందే దాక్కుంటుంది.