కొత్త బండి కోసం పడ్డాను, నిజంగానే పడ్డాను

నిన్న సాయంత్రం బండి ఇంటికొచ్చింది. నిమ్మకాయలు తొక్కించాం, కొబ్బరికాయ కొట్టాం, వీధిలో అందరూ వచ్చి చూసిపోయారు. మోకాలి మీద పుండు మాత్రం ఇంకా మానలేదు. అది మానకముందే ఇదంతా రాసెయ్యాలని కూర్చున్నాను.

హన్మకొండలో ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్తాను. వయసు 41, ఎత్తు అయిదడుగుల నాలుగంగుళాలు. ఆ రెండో అంకె గుర్తుపెట్టుకోండి. పద్నాలుగేళ్లుగా నా దగ్గరున్నది ఏపీ 36 నంబర్ పల్సర్ 150. దాని మీద మేడారం జాతర రద్దీలో పెళ్లాన్నీ, పిల్లాడినీ, బెల్లం మూటనూ ఎక్కించుకుని ఒక్కసారి కూడా కాలు జారకుండా పోయొచ్చినవాణ్ని. ఇది ముందే చెప్పుకుంటున్నాను, తర్వాత చెప్పుకునే మొహం ఉండదు.

ఆదివారం పొద్దున కేయూ క్రాస్ రోడ్డు దగ్గర చాయ్ తాగి ములుగు వైపు పోయే బ్యాచ్ మాది. రామప్ప గుడి, లక్నవరం చెరువు, ఓపికుంటే బొగత జలపాతం. 2025 అక్టోబర్‌లో టీవీఎస్ అపాచీ ఆర్‌టీఎక్స్ 300 అనే కొత్త బైక్ వచ్చిన దగ్గర్నుంచీ చాయ్ రెండు గంటలు పట్టేది. 299 సీసీ, 36 పీఎస్ పవర్, 180 కిలోలు, వచ్చినప్పుడు ఎక్స్‌షోరూమ్ ధర 1.99 లక్షల నుంచి మొదలు. దాని పక్కన రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450ని పెట్టి చూశాం: 40 పీఎస్, 196 కిలోలు. కేటీఎం 390 అడ్వెంచర్‌ది 46 పీఎస్. మాలో చిన్నోడు కేటీఎం తప్ప మాట్లాడడు. "ములుగు రోడ్డు మీద కోతులకూ బర్లకూ బ్రేకులేసేటోనికి 46 పీఎస్ ఎందుకురా?" అని మా బావ. నన్నడిగితే పీఎస్ కంటే టార్క్, అంటే చక్రాన్ని తిప్పే బలం, ముఖ్యం. హిమాలయన్‌కు 5,500 ఆర్‌పీఎమ్ దగ్గరే 40 ఎన్ఎమ్ వస్తుంది, ఆర్‌టీఎక్స్‌కు 7,000 దగ్గర 28.5. వెనక మనిషి, రెండు బ్యాగులు ఉన్నప్పుడు ఆ తేడా చేతికి తెలుస్తుంది.

జేబు లెక్క వేరే. 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ దాకా జీఎస్టీ 18 శాతం, దాటితే 40. ఇన్సూరెన్స్‌లోనూ అదే గీత. కొత్త బండికి అయిదేళ్ల థర్డ్ పార్టీ (మన బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి ఇన్సూరెన్స్) తప్పనిసరి కదా, అప్పటి రేటు ప్రకారం 150 దాటి 350 లోపల 7,365 రూపాయలు, 350 దాటితే 15,117. దాని మీద మళ్లీ జీఎస్టీ. ఈ లెక్క చాయ్ గ్లాసు కింద కాగితం పెట్టి వేసి చూపిస్తే చిన్నోడు కూడా కాసేపు మాట్లాడలేదు.

ఇగ టెస్ట్ రైడ్. ఏ బండో చెప్పను, చెప్తే షోరూమ్ ఏదో తెలిసిపోతుంది. ఏదైతేనేం, మూడింటికీ సీటు ఎత్తు 825 నుంచి 835 మిల్లీమీటర్ల మధ్యే. ఎక్కి కూర్చుంటే రెండు కాళ్లూ మునివేళ్ల మీద నిలబడ్డాయి. షోరూమ్ కుర్రాడు చూసి, "సార్, మీకు స్కూటీ కూడా ఉంది మా దగ్గర" అన్నాడు. అంతే, పట్టుదల వచ్చింది. ఒరిజినల్ లైసెన్సు తీసుకున్నాడు, ఇంగ్లీషులో చీమల్లాంటి అక్షరాలున్న కాగితం మీద సంతకం పెట్టించుకున్నాడు. నేను చదవలేదు. పిల్లలకు మాత్రం ప్రశ్న రెండుసార్లు చదవండ్రా అని ఏటా చెప్తుంటాను.

పోయేటప్పుడు గాల్లో తేలినట్టుంది. తిరిగొచ్చేటప్పుడు డివైడర్ సందులో యూటర్న్. ఎదురుగా ఆర్టీసీ బస్సు వస్తే ఆగి కుడికాలు దించాను. అక్కడ రోడ్డు పల్లంగా ఉంది, కాలు దిగుతూనే ఉంది, నేల రాలేదు. బండి ఒరగడం మొదలయ్యాక ఆపడం నా వల్ల కాలేదు. స్పీడు సున్నా! సున్నా స్పీడులో, నడిరోడ్డు మీద, మెల్లగా, దండం పెట్టినట్టు పడ్డాను. లేపబోతే కదల్లేదు. ఒక ఆటో అన్న, కొబ్బరిబోండాలమ్మే ఆయన వచ్చి లేపారు. "ఏం సారూ, కొత్తగ నేర్సుకుంటున్నవా?" అన్నాడు ఆటో అన్న. ఫుట్‌పాత్ మీద నిలబడి మా పిల్లాడు ఇదంతా వీడియో తీస్తున్నాడు.

బ్రేక్ లివర్ వంగింది, ఇండికేటర్ పగిలింది. మేనేజర్ గదిలోకి రమ్మన్నారు. లోపలికి పోతే మేనేజర్ లేచి నిలబడి, "నమస్తే సార్, గుర్తుపట్టిన్రా?" అన్నాడు.

గుర్తుపట్టాను. ఇంటిగ్రేషన్ రాలేదని నెల రోజులు క్లాసు బయట నిలబెట్టిన పోరడు. ఇప్పుడు నేను మోకాలి మీద రుమాలు ఒత్తుకుంటూ నిలబడ్డాను, వాడు కాలిక్యులేటర్ తీశాడు. "6,400 అయితది సార్. మీరని 400 తీసేస్తున్న." డెమో బండికి ఇన్సూరెన్స్ ఉంటుంది కదా అన్నాను. "సంతకం పెట్టిన్రు కద సార్" అని నా కాగితాన్ని నాకే చదివి వినిపించాడు, ఒక్కో లైనూ, వేలు పెట్టి, నేను బోర్డు మీద స్టెప్పులు చెప్పినట్టే. డబ్బు కట్టేదాకా లైసెన్సు ఇవ్వలేదు. వాడి మీద కంటే, చేతిలో కూల్‌డ్రింక్ పెట్టి మరీ 6,000 వసూలు చేసిన ఆ మర్యాద మీద నాకు ఎక్కువ మండింది. పాఠం సరిగ్గా చెప్పినందుకు గర్వపడాలో ఏడవాలో తెలియలేదు.

పదిహేను రోజులు బండి మాటే ఎత్తలేదు. ఆ తర్వాత మా బావ తన స్నేహితుడి హిమాలయన్ తెచ్చి, ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో తెల్లారగట్ల నేర్పించాడు. రెండు కాళ్లూ ఆనాలని చూడొద్దు. ఆగేముందు సీటు మీద ఎడమపక్కకు జరిగి ఎడమకాలు పూర్తిగా ఆనించాలి, కుడికాలు వెనక బ్రేక్ మీదే ఉండాలి. పల్లమున్న వైపు కాలు అసలు దించొద్దు. మందమైన అడుగు ఉన్న బూట్లు వేసుకుంటే అంగుళం కలిసొస్తుంది. వెనక సస్పెన్షన్ ప్రీలోడ్, అంటే స్ప్రింగును ముందే బిగించి ఉంచే బిగువు, తగ్గిస్తే మనం కూర్చున్నప్పుడు బండి కాస్త కిందికి దిగుతుంది. పొట్టివాళ్లు ముందు ఇది అడగాలి, రంగు తర్వాత.

చివరికి పడేసిన బండే కొన్నాను, కానీ కరీంనగర్ పోయి. లోన్ రెండు రోజుల్లో వచ్చింది. కొటేషన్‌లో హ్యాండ్లింగ్ ఛార్జీలని ఒక లైను కనిపిస్తే ఎందుకని అడిగాను, మారు మాట్లాడకుండా కొట్టేశారు. అడగనివాళ్లు కట్టేస్తారు కాబోలు. ఇన్సూరెన్స్ కూడా బయట మనకు నచ్చిన కంపెనీలో తీసుకోవచ్చు, షోరూమ్‌లోనే తీసుకోవాలన్న రూల్ లేదు. ఈసారి ప్రతి కాగితం రెండుసార్లు చదివి సంతకం పెట్టాను. వెనక క్యూలో ఉన్నాయన విసుక్కున్నాడు, విసుక్కోనీ.

కరీంనగర్ నుంచి ఇంటిదాకా నేనే నడుపుకొచ్చాను. పదకొండు చోట్ల ఆగాల్సొచ్చింది, లెక్కపెట్టాను. ఒక్కచోటా పడలేదు. ఆ వీడియో ఇంకా మా పిల్లాడి ఫోన్లోనే ఉంది, కాలేజీ గ్రూపులో పెడతానంటున్నాడు. ఇప్పటికి రెండు బిర్యానీలయ్యాయి.