1915కి ఫోన్ చేశాక కదిలారు

అమ్మకి ఆన్‌లైన్‌లో కొత్త మిక్సీ తెప్పిస్తే, జార్ మూతకి పగులు, బ్లేడు కింద ఎవరో రుబ్బిన పచ్చడి ఎండిపోయి ఉంది. కొత్తదట! రిటర్న్ పెడితే "ఈ వస్తువుకి రిటర్న్ లేదు" అని ఒకటే పాట, చాట్‌లో మాట్లాడేది మనిషో మెషినో కూడా తెలీదు. ఒళ్లు మండి 1915కి, అదే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి, ఫోన్ చేసి తెలుగులోనే చెప్పా, ఫొటోలు కూడా పంపించా.

2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం పాడైన సరుకు వెనక్కి తీసుకోనని అమ్మినవాడు అనడానికి వీల్లేదు, ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి. ఇదేదీ యాప్‌లో కనిపించేలా రాయరు మరి.

డబ్బులు వెనక్కొచ్చాయి. రాకపోతే కన్జ్యూమర్ కమిషన్‌లో కేసు వేసేదాన్నే. కొన్న ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు, పైగా అమ్మినవాళ్ల ఆఫీసు ఎక్కడున్నా మన జిల్లాలోనే వేయొచ్చు.