ఎర్ర దద్దుల వెనక రక్తంలో జబ్బు

నాన్నకు జ్వరంతో పాటు మెడ మీద, చేతుల మీద ఎర్రగా, ఉబ్బెత్తుగా దద్దులు లేచాయి. దురద లేదు, ముట్టుకుంటే మాత్రం విలవిల్లాడిపోయేవారు. ఇన్ఫెక్షన్ అని యాంటీబయాటిక్స్ మార్చి మార్చి వాడారు. జ్వరం దిగలేదు, కల్చర్ పరీక్షలో ఏ క్రిమీ పెరగలేదు. చివరికి ఒక స్కిన్ డాక్టరమ్మ దద్దులోంచి చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపారు. చర్మం లోపల న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు కిక్కిరిసి ఉన్నాయి. స్వీట్ సిండ్రోమ్ అన్నారు.

1964లో రాబర్ట్ డగ్లస్ స్వీట్ అనే బ్రిటిష్ డాక్టర్ ఎనిమిది మంది స్త్రీలలో దీన్ని గమనించి రాశారు, ఆయన పేరే స్థిరపడింది. న్యూట్రోఫిల్స్ అంటే క్రిములతో పోరాడే తెల్లకణాలు. ఈ జబ్బులో క్రిములేవీ లేకపోయినా అవి చర్మంలోకి వచ్చి వాపు పుట్టిస్తాయి. అందుకే యాంటీబయాటిక్స్‌కు లొంగదు, స్టెరాయిడ్ ఇస్తే త్వరగా తగ్గుతుంది. నాన్నకూ అలాగే తగ్గింది. మాకు ప్రాణం లేచొచ్చింది.

ఆ డాక్టరమ్మ మాత్రం అక్కడితో వదల్లేదు. ఆమెకు నేను జన్మంతా రుణపడి ఉంటాను. గొంతు ఇన్ఫెక్షన్, పేగుల వాపు, కొన్ని మందులు, గర్భం, ఇలా ఈ దద్దులకు కారణాలు చాలానే ఉన్నాయట. కానీ సుమారు ఐదుగురిలో ఒకరికి వెనక క్యాన్సర్ ఉంటుంది, అదీ ఎక్కువగా రక్తానిదే. నాన్నకు హిమోగ్లోబిన్, ప్లేట్‌లెట్లు రెండూ తక్కువగా ఉన్నాయి. వయసు వల్లేనని మాకు మేం సర్దిచెప్పుకునేవాళ్లం. ఆమె బోన్ మ్యారో పరీక్ష చేయించాల్సిందే అన్నారు. మైలోడిస్‌ప్లాస్టిక్ సిండ్రోమ్ అని తేలింది. అంటే ఎముక మజ్జలో రక్తకణాలు సరిగా తయారు కావడం లేదు. కొందరిలో ఇది ల్యుకేమియాగా, అంటే రక్త క్యాన్సర్‌గా మారుతుంది.

ఇదే కోవలో పయోడెర్మా గ్యాంగ్రినోసమ్ అని ఇంకో జబ్బుంది. చిన్న పొక్కు చూస్తుండగానే లోతైన పుండవుతుంది. ఇన్ఫెక్షన్ అనుకుని కోసి శుభ్రం చేస్తే ఇంకా పెద్దదయ్యే ప్రమాదం ఉంది. దీని వెనకా కొందరిలో రక్తం జబ్బులుంటాయి.

2020లో వెక్సాస్ అనే జబ్బును కొత్తగా గుర్తించారు. మజ్జ కణాల్లో యూబీఏ1 అనే జన్యువు జీవితం మధ్యలో మారిపోవడం వల్ల వస్తుంది, తల్లిదండ్రుల నుంచి సంక్రమించేది కాదు. ఎక్కువగా యాభై దాటిన మగవాళ్లలో కనిపిస్తుంది. జ్వరం, దద్దులు, చెవి మృదులాస్థి వాపు, రక్తహీనత కలిసి ఉన్నప్పుడు దీని గురించి డాక్టర్‌ని తప్పకుండా అడగండి.

నాన్నకు ఇప్పుడు అజాసిటిడిన్ అనే మందు ఇస్తున్నారు, అవసరమైతే రక్తం ఎక్కిస్తున్నారు. ఒక్కోసారి దద్దులు మళ్లీ రావడం రక్తంలో జబ్బు ముదురుతోందనడానికి మొదటి గుర్తు కావచ్చట. అందుకే ఎక్కడైనా ఎర్రగా లేస్తే అదే రోజు బ్లడ్ కౌంట్ చేయిస్తున్నాం.