రసీదుల ప్రోగ్రాములో కోడునూ టెస్టులనూ వేరు చేసిన అనుభవం

మా చిన్న కార్యాలయం అమీర్‌పేటలో ఉంది. సికింద్రాబాద్‌లోని ఒక గుడికి విరాళాల రసీదులు ముద్రించే పైథాన్ ప్రోగ్రాము ఈ మధ్య నా చేతికి వచ్చింది. అంకెల్లో ఇచ్చిన మొత్తాన్ని తెలుగు మాటల్లోకి మార్చి రసీదు మీద వేయడం దాని ముఖ్యమైన పని. 1,116 అని కొడితే ‘వెయ్యి నూట పదహారు రూపాయలు’ అని రావాలి. ఇంతకుముందు రాసినవారు లెక్కను శ్రద్ధగానే రాశారు. అయితే ఫైళ్లన్నీ ఒకే ఫోల్డరులో ఉన్నాయి. లెక్క చేసే ఫైలు, ముద్రణ ఫైలు, మాటల పట్టిక ఉన్న జేసన్ ఫైలు (డేటాను దాచే పాఠ్య ఫైలు), వాటి మధ్యలోనే టెస్టులు, అంటే ప్రోగ్రాము సరిగా పనిచేస్తోందో లేదో చూసే చిన్న కోడు ముక్కలు. గుడి కంప్యూటరుకు ఆ ఫోల్డరును ఉన్నదున్నట్టుగా పెన్‌డ్రైవులో తీసుకెళ్లి కాపీ చేసేవారు.

“అక్కా, టెస్టులన్నీ పాసవుతున్నాయి కదా, మళ్లీ కదిలించడం ఎందుకు?” అని నాతో పనిచేసే అమ్మాయి అడిగింది. అడగవలసిన ప్రశ్నే. ఆ టెస్టులు దేన్ని పరీక్షిస్తున్నాయో తేలితే తప్ప దానికి జవాబు చెప్పలేం.

మొదటి చిక్కు డెసిమల్ అనే మాడ్యూల్ (ఇతర ఫైళ్లు వాడుకోగల కోడు ఫైలు) దగ్గర వచ్చింది. డబ్బు లెక్కను ఫ్లోట్‌లో, అంటే దశాంశాలను ఉజ్జాయింపుగా దాచే సంఖ్యల రకంలో, ఉంచడం నాకు ఇష్టం లేదు. పైసలు కలిసే చోట ఫ్లోట్ ఎప్పుడో ఒకప్పుడు తేడా చూపిస్తుంది. అందుకని పైథాన్‌తో పాటే వచ్చే, దశాంశాలను కచ్చితంగా లెక్కించే డెసిమల్‌ను ఇంపోర్ట్ చేశాం (మా కోడులోకి తెచ్చుకున్నాం). వెంటనే ‘నంబర్స్’ మాడ్యూల్‌లో ‘నంబర్’ లేదంటూ ఎర్రర్ వచ్చింది. అంకెలను మాటలుగా మార్చే మా ఫైలు పేరు నంబర్స్ డాట్ పీవై. పైథాన్ ప్రామాణిక లైబ్రరీలోనూ అదే పేరుతో ఒక మాడ్యూల్ ఉంది, డెసిమల్‌కు అది కావాలి. ఒక ఫైలును నేరుగా నడిపితే పైథాన్ ఆ ఫైలు ఉన్న ఫోల్డరును తన వెతుకులాట జాబితాలో అన్నిటికంటే ముందు పెట్టుకుంటుంది. కాబట్టి డెసిమల్ అడిగిన నంబర్స్‌కు బదులు మా నంబర్స్ దొరికింది.

పేరు మార్చినా ఈ చిక్కు తీరేది, కానీ రేపు ఇంకొక పేరు ఇలాగే అడ్డం వస్తుంది. కోడంతటినీ ‘రసీదు’ అనే ప్యాకేజీలోకి, అంటే మాడ్యూళ్లను ఒక పేరు కింద ఉంచే ఫోల్డరులోకి, తెచ్చాం. ఇప్పుడు మా ఫైలు ‘రసీదు డాట్ నంబర్స్’ అయింది, ప్రామాణిక లైబ్రరీతో తగాదా లేదు. టెస్టులకు ప్యాకేజీ పక్కనే వేరే ఫోల్డరు తీసి ‘టెస్ట్స్’ అని పేరు పెట్టాం. చివరి ‘స్’ అక్కరలేదనుకునేవారుంటారు. ‘టెస్ట్’ అన్న పేరుతో పైథాన్‌లోనే ఒక ప్యాకేజీ ఉంది, దాని జోలికి పోకపోవడం మంచిది.

ఇక పెన్‌డ్రైవు కాపీలు మానేసి, ప్రోగ్రామును వీల్ ఫైలుగా (ఇన్‌స్టాల్‌కు సిద్ధంగా ఉండే ఒకే ఫైలు) కట్టి, పైథాన్ ప్యాకేజీలను ఇన్‌స్టాల్ చేసే పిప్‌తో ఇన్‌స్టాల్ చేద్దామనుకున్నాం. మా దగ్గర టెస్టులన్నీ పాసయ్యాయి. మెట్రోలో సికింద్రాబాద్ ఈస్ట్‌కు వెళ్లి గుడి కార్యాలయంలో ఇన్‌స్టాల్ చేసి చూస్తే మాటల పట్టిక ఫైలు దొరకలేదంటూ ప్రోగ్రాము మొదట్లోనే ఆగిపోయింది. వీల్ కట్టే సాధనమైన సెటప్‌టూల్స్ మామూలుగా మన ప్యాకేజీలోని పైథాన్ ఫైళ్లను వీల్‌లోకి ఎక్కిస్తుంది. జేసన్ వంటి డేటా ఫైళ్లు కావాలంటే మనం విడిగా చెప్పాలి.

చెప్పడం సులువే, ప్రాజెక్టు వివరాలుండే పైప్రాజెక్ట్ డాట్ టామల్ ఫైలులో ఒక వరుస చేరిస్తే అయిపోతుంది. నన్ను కలవరపెట్టింది వేరే విషయం. అన్ని టెస్టులుండీ ఒక్కటీ ఈ లోపాన్ని పట్టుకోలేదు. కారణం అమరికలోనే ఉంది. ప్రాజెక్టు ఫోల్డరులో నిలబడి ‘పైథాన్ హైఫన్ ఎమ్’ ఆజ్ఞతో టెస్టులు నడిపితే ప్రస్తుత ఫోల్డరు పైథాన్ వెతుకులాట జాబితాలో ముందుంటుంది. టెస్టులు ఇంపోర్ట్ చేసుకునేది పక్కనే ఉన్న రసీదు ఫోల్డరును, అందులో జేసన్ ఫైలు ఎప్పుడూ ఉంటుంది. గుడికి వెళ్లే వీల్‌ను ఏ టెస్టూ తాకనే లేదు.

అందుకే ప్యాకేజీని ‘ఎస్ఆర్‌సీ’ అనే ఫోల్డరు లోపలికి జరిపాం. దీన్ని ఎస్ఆర్‌సీ లేఅవుట్ అంటారు. ప్రాజెక్టు మొదటి మెట్టులో రసీదు అనే ఫోల్డరే లేకపోతే అది పొరపాటున ఇంపోర్ట్ కాదు. ఇన్‌స్టాల్ చేస్తేనే టెస్టులకు దొరుకుతుంది. చిన్న ప్రాజెక్టుకు ఇంత అవసరమా అని కొందరంటారు. ఇతరుల కంప్యూటరులో ఇన్‌స్టాల్ కావలసిన ప్రోగ్రాము ఎంత చిన్నదైనా అవసరమే అని నా గట్టి నమ్మకం.

ఇక్కడ ఒక మెలిక ఉంది, చాలామంది దీన్ని పట్టించుకోరు. రోజువారీ పనికి ‘పిప్ ఇన్‌స్టాల్ హైఫన్ ఈ’ వాడతాం. కోడు మార్చిన ప్రతిసారీ మళ్లీ ఇన్‌స్టాల్ చేయనక్కరలేకుండా అది మన ఎస్ఆర్‌సీ ఫోల్డరునే చూపిస్తుంది. అంటే అక్కడా జేసన్ ఫైలు కనిపిస్తూనే ఉంటుంది, లోపం మళ్లీ దాక్కుంటుంది. గుడికి పంపేముందు వీల్ కట్టి, కొత్త వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లో (మిగతావాటితో కలవని విడి పైథాన్ వాతావరణం) ఇన్‌స్టాల్ చేసి, టెస్టులన్నీ అక్కడ నడపాలి. ఈ పనిని టాక్స్ అనే సాధనం చక్కగా చేస్తుంది. డేటా ఫైళ్ల వరుసను కావాలనే తీసేసి టాక్స్ నడిపి చూశాం. టెస్టులు ఫెయిలయ్యాయి. ఆ ఎర్రర్ చూసి నాకు నిజంగా సంతోషం కలిగింది. వరుసను తిరిగి పెట్టి, పట్టికను చదివే చోట ఫైలు దారిని వాడే పద్ధతి తీసేసి, ప్యాకేజీలోని డేటా ఫైళ్లను చదివే ఇంపోర్ట్‌లిబ్ రిసోర్సెస్ వాడాం.

టెస్టుల ఫోల్డరును కూడా కోడు అమరికనే అనుసరించి సర్దాం. లెక్క భాగానికి ఒక ఉపఫోల్డరు, ముద్రణకు ఒకటి. రెండింటిలోనూ ‘టెస్ట్ హెల్పర్స్’ అనే ఫైలు ఉండడంతో, టెస్టులను నడిపే సాధనమైన పైటెస్ట్ అభ్యంతరం చెప్పింది. ఫోల్డరును ప్యాకేజీగా చూపే ఇనిట్ ఫైళ్లు లేని ఫోల్డర్లలో ఒకే పేరున్న రెండు టెస్టు ఫైళ్లను దాని మామూలు పద్ధతి అంగీకరించదు. పైటెస్ట్ టెస్టు ఫైళ్లను ఇంపోర్ట్ చేసుకునే పద్ధతిని (ఇంపోర్ట్ మోడ్) ఇంపోర్ట్‌లిబ్‌కు మార్చాం. ఆ పద్ధతిలో ఒక టెస్టు ఫైలు నుంచి ఇంకో దాన్ని ఇంపోర్ట్ చేసుకోవడం కష్టం కనుక, ఉమ్మడి సామగ్రిని, పైటెస్ట్ తనంతట తానే చదివే కాన్‌ఫ్‌టెస్ట్ ఫైలులో ఫిక్స్చర్లుగా (టెస్టులకు కావలసినవి సిద్ధం చేసి ఇచ్చే ఫంక్షన్లు) పెట్టాం. పాత టెస్టులు పైథాన్‌తో పాటే వచ్చే యూనిట్‌టెస్ట్ పద్ధతిలో ఉన్నా తిరగరాయలేదు, పైటెస్ట్ వాటిని ఉన్నవి ఉన్నట్టే నడుపుతుంది.

సర్దుతుంటే ‘చెక్ వర్డ్స్’ అనే ఫైలు బయటపడింది. తెరిస్తే అంతా టెస్టులే. యూనిట్‌టెస్ట్ తనంతట తాను వెతికేది ‘టెస్ట్’తో మొదలయ్యే ఫైళ్లనే కాబట్టి అవి మిగతావాటితో కలిసి నడవలేదు. పేరు మార్చి నడిపితే ఒకటి ఫెయిలయింది. 1,01,116కు ‘లక్షా వెయ్యి నూట పదహారు’ రావలసిన చోట ‘ఒక లక్ష ఒక వెయ్యి’ అని వస్తోంది. రసీదు మీద అలా పడితే దాత కళ్లకు గుచ్చుకుంటుంది. ఆ టెస్టు రాసినవారికి విషయం తెలుసు. వారి శ్రమ ఇన్నాళ్లూ ఎవరికీ కనపడకుండా ఉండిపోయింది.

దాన్ని సరిచేశాక అంచుల దగ్గర టెస్టులు పెంచాం. 100కు వంద, 101కి నూట ఒకటి. 1,000కి వెయ్యి రూపాయలు, 2,000కు రెండు వేల రూపాయలు. 116, 516, 1,116 గుడిలో ఎక్కువగా వచ్చే మొత్తాలు కాబట్టి వాటిని టెస్టు మొత్తాల పట్టికలో అన్నిటికంటే పైన పెట్టాం. పైటెస్ట్‌లోని పారామెట్రైజ్‌తో ఒకే టెస్టు ఈ పట్టికంతా నడుస్తుంది. కొత్త మొత్తం చేర్చాలంటే ఒక వరుస రాస్తే చాలు.

ప్రింటరుతో మాట్లాడే టెస్టులకు మాత్రం వేరే గుర్తు పెట్టాం. మా దగ్గర ఆ ప్రింటరు లేదు. వాటిని గుడి కార్యాలయంలో, కొత్త వీల్ ఇన్‌స్టాల్ చేసిన రోజున, కౌంటరు తెరవకముందే నడుపుతున్నాం.