జుంగాంగ్నో స్టేషన్‌లో మసి గోడ

దక్షిణ కొరియాలోని దేగులో పోస్ట్‌డాక్‌గా (పీహెచ్‌డీ తర్వాత చేసే పరిశోధన ఉద్యోగం) చేరిన కొత్తలో ఆదివారం వచ్చిందంటే చాలు, ఊళ్లోకి బయల్దేరేవాణ్ణి. మా ల్యాబ్ మెట్రో రెండో లైను ఆ చివర, అక్కడ ఎక్కి బన్వోల్డాంగ్‌లో దిగి ఒకటో లైనుకి మారితే ఒక్క స్టేషన్ అవతలే జుంగాంగ్నో. టికెట్టు కొంటే గుండ్రటి ప్లాస్టిక్ టోకెన్ వస్తుంది, అచ్చం మన హైదరాబాద్ మెట్రోలో ఇచ్చే బిళ్ళలాంటిదే, అది చేతిలో పడగానే అమీర్‌పేట గుర్తొచ్చేది.

ఆ స్టేషన్‌లో భూమి కింద ఒకచోట నల్లగా మసి పట్టిన గోడ, మాడిపోయిన పబ్లిక్ ఫోన్లు ఉంటాయి. అప్పటికి నాకు కొరియన్ చదవడం రాదు, ఇదేదో మోడరన్ ఆర్ట్ కాబోలు అనుకున్నా. అనుకుని ఊరుకున్నానా, దాని ముందు నిలబడి సెల్ఫీ తీసుకుని స్టేటస్ పెట్టా. పది నిమిషాల్లో గుంటూరు అన్న ఫోన్. తొమ్మిదేళ్లుగా ఇక్కడే ఉంటున్నాడు. "తమ్ముడూ, ముందు ఆ ఫొటో తీసెయ్, తర్వాత మాట్లాడదాం."

2003 ఫిబ్రవరి 18 పొద్దున ఆ స్టేషన్‌లో ఆగిన రైల్లో ఒకతను పెట్రోలు పోసి నిప్పంటించాడట. సీట్ల స్పాంజి, నేల అన్నీ తేలిగ్గా అంటుకునేవే. కాసేపటికే ఎదురుగా ఇంకో రైలు వచ్చి పక్కనే ఆగింది, మంటలు దానికీ పాకాయి, దాని డ్రైవర్ రైలు నడిపే మాస్టర్ కీ పీక్కుని బయటపడేసరికి తలుపులు మూసుకుపోయాయి. 192 మంది చనిపోయారు, వాళ్లలో ఎక్కువమంది నిప్పు పెట్టిన రైల్లో కాదు, ఆ రెండో రైల్లో. లోపల్నుంచి ఇళ్లకి ఫోన్లు చేసిన వాళ్లున్నారని చెప్పి అన్న ఆగిపోయాడు, నేనూ అడగలేదు. ఆ మసి గోడని కడగకుండా అలాగే ఉంచేశారు.

ఫొటో తీసేశాను గానీ సిగ్గు పోలేదు.

తర్వాత దేశమంతా రైళ్లలో సీట్లు మార్చారు, మంట అంటుకోనివి వేశారు. సియోల్ రైళ్లలో కొన్నింట్లో ఉత్త స్టీలు సీట్లే, చలికాలం కూర్చుంటే జివ్వుమంటుంది. మొదట్లో తిట్టుకునేవాణ్ణి.

ఇప్పుడు ఏ రైలెక్కినా నా చూపు ముందుగా తలుపు పక్కనున్న బోర్డు మీదకి పోతుంది. మూత తెరిచి, పిడి తిప్పి, తలుపుని చేత్తో పక్కకి నెట్టాలి. తడుముకోకుండా నేను చదవగలిగిన మొదటి కొరియన్ రాత అదే.