ఈజిప్టులో నాన్న వెతికిన అతుకులు

టికెట్లు బుక్ చేసేటప్పుడు నా టెన్షనంతా అమ్మ మోకాళ్ల గురించే. తీరా లక్సర్‌లో పాతకాలపు ఈజిప్టు రాజుల సమాధులున్న రాజుల లోయకు వెళ్లాక అడ్డుపడింది మోకాళ్లు కాదు, మైల. "గుళ్లంటే వచ్చాను గానీ, సమాధుల్లోకి ఎందుకురా పోవడం?" అని ఎలక్ట్రిక్ బండి దిగిన చోటే కూర్చుంది. మూడు వేల ఏళ్ల కిందటి చావుకు మైలేంటని నాన్న వాదన. చివరికి హోటల్‌కు పోగానే తలస్నానం అన్న ఒప్పందం మీద లేచింది.

మామూలు టికెట్ మీద మూడు సమాధులు చూడొచ్చు. ఏ మూడు అన్నదే పెద్దవాళ్లతో వెళ్లినప్పుడు అసలు సంగతి. మూడో థుట్మోస్ రాజుది చూడాలంటే నిటారు మెట్లెక్కి, మళ్లీ లోపలికి దిగాలి, దాన్ని వదిలేశాను. నాలుగో రామ్సెస్‌ది మాత్రం వెడల్పుగా, నెమ్మదిగా వాలుతూ పోతుంది. చివరి గదిలో పైకప్పు నిండా ఆకాశ దేవత నూట్ ఒళ్లు సాగదీసుకుని ఉంటుంది. సాయంత్రం సూర్యుణ్ణి మింగి, తెల్లారి మళ్లీ కంటుందట. చెప్పాను. అమ్మ మెడ ఎత్తి చాలాసేపు చూసి, "రోజూ కాన్పేనా, పాపం!" అంది.

టుటంఖామున్ సమాధికి టికెట్ వేరే. లోపల మమ్మీ ఉంటుందనగానే, "హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో ఒకటి చూశాం, చాలు" అన్నాడు నాన్న. డబ్బులు మిగిలాయి.

అబూ సింబెల్ గుడి దగ్గర మాత్రం నాన్న మారిపోయాడు. అస్వాన్ నుంచి తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరాం. ఎడారి రోడ్డులో దాదాపు 280 కిలోమీటర్లు. హోటల్ వాళ్లిచ్చిన బ్రెడ్డు పెట్టె పక్కన పెట్టి, అమ్మ తెచ్చిన బొరుగులూ పుట్నాలూ తిన్నాం. అక్కడ కొండ వెనకవైపు నుంచి చుట్టి నడవాలి. మలుపు తిరగ్గానే రెండో రామ్సెస్ విగ్రహాలు, ఒక్కోటి ఇరవై మీటర్ల ఎత్తున, ఎదురుగా కూర్చుని ఉంటాయి. అందరూ ఫోన్లు తీశారు. నాన్న విగ్రహం కాళ్ల దగ్గరికి వెళ్లి, కళ్లద్దాలు సర్దుకుని రాతిమీద గీతలు వెతుకుతున్నాడు.

అస్వాన్ హై డ్యామ్ నీళ్లలో మునిగిపోతుందని 1964 నుంచి 1968 మధ్య ఈ గుడిని వెయ్యికి పైగా ముక్కలుగా కోసి, 65 మీటర్లు పైకి తెచ్చి అతికించారు. నాన్నది శ్రీశైలం ప్రాజెక్టు ముంపు ఊరు. కూడవెల్లి సంగమేశ్వరుణ్ణి రాయి రాయి విప్పి అలంపూర్‌లో మళ్లీ కట్టిన సంగతి మా ఇంట్లో వంద సార్లు విన్నాను. "అది రాయి మీద రాయి పేర్చిన గుడి, విప్పితే వచ్చింది. ఇది కొండలో చెక్కింది, రంపంతో కోయాల్సిందే" అని నాకే పాఠం చెప్పాడు. నాలుగు విగ్రహాల్లో ఒకదాని తల పురాతన కాలంలోనే విరిగి కింద పడింది. దాన్నీ పైకి తెచ్చి, పడి ఉన్నది పడి ఉన్నట్టే పెట్టారు. అది నాన్నకు భలే నచ్చింది.

తిరుగు ప్రయాణంలో డ్రైవర్ తాను నూబియన్‌నని, అంటే ఈ నైలు ఒడ్డు పాత జనమని చెప్పాడు. వాళ్ల తాతల ఊరు ఆ డ్యామ్ వెనక నిలిచిన సరస్సు అడుగునే ఉందట. వాళ్లను కోమ్ ఓంబో వైపు తరలించారు. నాన్న ముందు సీటులోకి జరిగి కూర్చున్నాడు. నేను మధ్యలో వచ్చీరాని ఇంగ్లీషుతో ఇటూ అటూ చెబుతున్నాను.

"మా గుడి అలంపూర్‌లో ఉంది. ఊరు నీళ్లలో ఉంది. ఎండాకాలం నీళ్లు తగ్గితే మా ఇంటి పునాదిరాళ్లు కనిపిస్తాయి, పోయి చూసొస్తాం" అన్నాడు నాన్న.

అది విని డ్రైవర్ కాసేపు ఏమీ మాట్లాడలేదు. "మాది ఎప్పుడూ కనిపించదు" అన్నాడు.

అమ్మ వెనక సీటు నుంచి బొరుగుల పొట్లం అతని వైపు చాచింది.