డిప్రెషన్‌కి చికిత్స తీసుకున్నాక యూఎస్ ఆర్మీ వేవర్ (అనర్హత ఉన్నా చేరనిచ్చే మినహాయింపు): నా అనుభవం

కాలేజీ రెండో ఏడాదిలో నాకు డిప్రెషన్ వచ్చింది. మందులు వాడాను, కౌన్సెలింగ్‌కి వెళ్లాను, కోలుకున్నాను. డిగ్రీ అయ్యాక, గ్రీన్ కార్డు ఉంది కదా అని యూఎస్ ఆర్మీ రిక్రూటర్‌ని కలిశాను. అంతా విని, "ఆ మందుల సంగతి రాయకు" అన్నాడు. మర్నాడే వేరే రిక్రూటర్ దగ్గరికి వెళ్లాను. నిజం దాచి చేరడం సైనిక చట్టం ప్రకారం నేరం. పైగా చేరేవాళ్లకి వైద్య పరీక్షలు చేసే మెప్స్ కేంద్రాల్లో 2022 నుంచి జెనెసిస్ అనే సిస్టమ్ వాడుతున్నారు. పాత చికిత్స, కొన్న మందులు చాలావరకు అందులో బయటపడతాయి.

గత 36 నెలల్లో డిప్రెషన్ లక్షణాలున్నా, చికిత్స జరిగినా అనర్హతే. కౌన్సెలింగ్ మొత్తం 12 నెలలు దాటినా, ఆసుపత్రిలో చేరినా, జబ్బు తిరగబెట్టినా అంతే. నేను మందులు ఆపి అప్పటికి మూడేళ్లు నిండలేదు. మెప్స్ డాక్టర్ అనర్హుడని తేల్చారు. "ఇక వదిలెయ్ నాన్నా" అంది అమ్మ. కానీ వేవర్ ఇచ్చేది మెప్స్ కాదు, ఆర్మీ. మనం నేరుగా అడగడానికి లేదు, రిక్రూటరే ఫైల్ పైకి పంపాలి.

అసలు తిప్పలంతా రికార్డుల దగ్గరే. క్లినిక్ వాళ్లు మొదట నేను వెళ్లిన తేదీలు, బిల్లులు మాత్రం ఇచ్చారు. వాటితో పని జరగదు. మొదటి రోజు డాక్టర్ రాసుకున్న నోట్స్, మందు డోసు, ఆపిన తేదీ, అన్నీ కావాలని పట్టుబట్టాను. ఆ నోట్స్‌లో 'ఆత్మహత్య ఆలోచనలు లేవు' అన్న ఒక్క లైను ఎంత విలువైనదో తర్వాత తెలిసింది. కౌన్సెలర్ చివరి నోట్‌లో, మందులు లేకుండా చదువు బాగా సాగుతోందని ఉంది. దానికి తోడుగా మార్కుల కాపీలు కూడా పెట్టాను. పడిపోయిన సెమిస్టర్ పక్కనే లేచిన సెమిస్టర్లూ కనిపించాలి కదా.

తర్వాత సైకియాట్రిస్ట్ ఇంటర్వ్యూ. బాగా టెన్షన్ పడ్డాను. నిద్ర, స్నేహితులు, ఉద్యోగం గురించి అడిగి, "మళ్లీ అలా అనిపిస్తే ఏం చేస్తావు?" అన్నారావిడ. "మళ్లీ డాక్టర్ దగ్గరికే వెళ్తాను" అన్నాను. తలూపి రాసుకున్నారు.

కొన్ని నెలలకి వేవర్ వచ్చింది. ఇది ఆర్మీకే చెల్లుతుంది. నేవీకో ఎయిర్ ఫోర్స్‌కో వెళ్లాలంటే వాళ్లు మళ్లీ విడిగా చూస్తారు. అందుకే ఆ రికార్డులన్నీ ఒక కాపీ ఇంట్లో ఉంచాను.